నాన్నగారి మొక్కు ఇప్పుడు ఎవరిది?

తిరుపతి నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కుదించి ఇస్తున్నాను.

ఆమెకు నలభై రెండేళ్లు, ఒక ప్రైవేటు బడిలో టీచరు. పుట్టిల్లు చిత్తూరు దగ్గర పల్లె. తరాలుగా కతోలిక కుటుంబం. 1994 వేసవిలో ఆమె తమ్ముడు, అప్పుడు ఐదేళ్లవాడు, తిరుపతి బస్టాండులో జనం మధ్య తప్పిపోయాడు. తల్లిదండ్రులు ఒక పగలు, ఒక రాత్రి ఊరంతా గాలించారు. పోయినవి దొరకాలంటే కతోలికులు వేడుకునేది పాదువాపురి పునీత అంతోనివారిని, అంటే సెయింట్ ఆంథొనీని. ఆ రాత్రి తండ్రి ఆయనకే మొక్కుకున్నారు. మర్నాడు సాయంత్రం పిల్లవాడు రేణిగుంట స్టేషన్లో దొరికాడు. పండ్లు అమ్ముకునే ఒకావిడ వాణ్ని తన పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిందట. అప్పటి నుంచి ఏటా జూన్ 13న, అంతోనివారి పండుగ రోజున, ఆ ఇంట్లో మొక్కు చెల్లింపు. తండ్రి మామిడి వ్యాపారం కుదురుకున్నకొద్దీ అది పెరిగి షామియానా, మైకు, మూడు వందల మందికి భోజనాల దాకా వచ్చింది.

మూడేళ్ల కిందట, పండుగ జరిగిన నెల తిరక్కుండానే, తండ్రి గుండెపోటుతో పోయారు. మరుసటి ఏడాది ఈమె తన గాజులు కుదువపెట్టి పండుగ జరిపించారు. ఆ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. నిరుడు చేయలేకపోయారు. ఆగస్టులో తమ్ముడు బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మొక్కు తప్పినందుకే అలా జరిగిందని తల్లి నమ్మకం. ఆవిడ ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నారు. ఈ ఏడాదీ మానేస్తే కొడుకు దక్కడని రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు.

ఆ తమ్ముడు పెళ్లయ్యాక పెంతెకొస్తు సంఘంలో చేరాడు. స్వరూపాల ముందు మోకరించడం విగ్రహారాధన అంటాడు. "రూపాయి ఇవ్వను. నా పేరు చెప్పి ఎవరికీ అన్నం పెట్టవద్దు" అని అక్కకు ఖరాఖండిగా చెప్పాడు. ఉంటున్నది తల్లిదండ్రుల ఇంట్లోనే. ఇప్పుడు ఇల్లు బాగుచేయిస్తూ, గోడ గూట్లో ఉన్న అంతోనివారి స్వరూపాన్ని జూన్ ఆఖరులోగా తీసుకుపొమ్మంటున్నాడు. భర్తేమో "మీ పుట్టింటి మొక్కు మనకెందుకు" అంటున్నారు. ఆమె అడిగింది ఇది: "నాన్న మొక్కు నా మెడకు చుట్టుకుందా? మానేస్తే పాపమా? చేస్తే ఎలా చేయాలి? తమ్ముణ్ని ఒప్పించేదెలా?" ఉత్తరంతో పాటు తండ్రి లెక్కల నోటుపుస్తకం మొదటి పేజీ నకలు కూడా పంపారు.

అమ్మా, మీ ప్రశ్నలకన్నా ముందు ఆ నోటుపుస్తకం పేజీ గురించి మాట్లాడతాను. మీరు దాన్ని నాన్నగారి గుర్తుగా జతచేసినట్టున్నారు. ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా అవసరమైన సంగతి నాకు అందులోనే కనిపించింది. గళ్ల కాగితం మీద ఆయన రాసుకున్నది ఇంతే: "13-6-1994. చిన్నవాడి బరువు 15 కిలోలు. బియ్యం 15 కిలోలు, గుడి దగ్గర పేదలకు పంచడమైనది." కింద సంతకం. షామియానా ఊసు లేదు, మైకు ఊసు లేదు, పిలుపుల జాబితా లేదు.

బిడ్డ బరువుకు బియ్యం అన్నది మీ నాన్నగారికి ఊరికే తట్టిన లెక్క కాదు. గుళ్లో పూజ చేసే గురువుగారో, వాక్యం నేర్పే ఉపదేశిగారో చెప్పి ఉంటారు. ఇటలీలోని పాదువాలో అంతోనివారి పేరు మీద కట్టిన గుడికి దగ్గరలో ఒక పసివాడు నీళ్ల తొట్టిలో పడి మునిగిపోయాడనీ, బిడ్డ బతికితే వాడి బరువు ధాన్యం పేదలకు ఇస్తానని తల్లి మొక్కుకుందనీ, బిడ్డ బతికాడనీ అక్కడ తరతరాలుగా చెప్పుకునే కథ. బిడ్డ బరువుకు సరితూగే ధాన్యం ఇచ్చే ఆచారానికి అదే మూలమంటారు. చాలా కాలం తర్వాత, 1890లో, ఫ్రాన్స్‌లోని తూలోన్ పట్టణంలో లూయీస్ బూఫియే అనే ఆవిడ దుకాణం తాళం పట్టేసి ఎంతకీ రాకపోతే, తలుపు పగలగొట్టకుండా తెరుచుకుంటే పేదలకు రొట్టెలు ఇస్తానని అంతోనివారికి మొక్కుకుంది. తాళం వచ్చింది. అంతోనివారి రొట్టెలు అన్న ఆచారం అక్కడి నుంచి దేశదేశాలకు పాకింది. జూన్ 13న గుళ్లో చిన్న చిన్న బన్నులు ఆశీర్వదించి పంచడం వెనుక ఉన్నది ఈ కథలే. రెండింటిలోనూ మొక్కు చేరింది పేదవాడి చేతికి. మీ నాన్నగారూ మొదటి ఏడాది సరిగ్గా అదే చేశారు.

ఆ తర్వాత పెరిగినదంతా ఆయన సంతోషం. వాడు దొరికాడన్న సంతోషం ఆ మనిషిలో చివరిదాకా చల్లారలేదు. చేతిలో డబ్బు ఆడినకొద్దీ పదిమందినీ పిలిచి అన్నం పెట్టాలనిపించింది. గొప్ప మనసు, కాదనను. అయితే మొక్కు వేరు, ఆయన సంతోషం వేరు. మీరు గాజులు కుదువపెట్టింది ఆ సంతోషాన్ని నిలబెట్టడానికి. మొక్కు ఎంత అంటే, ఆ కాగితం మీద ఉన్నంత.

ఇక పాపం సంగతి. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, ఈ విషయాన్ని ఎవరి భయానికి వాళ్లను వదిలిపెట్టలేదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్ట గ్రంథంలో మొక్కుల గురించే కొన్ని సూత్రాలున్నాయి. మొక్కు దాని స్వభావాన్ని బట్టి మొక్కుకున్న మనిషిని మాత్రమే కట్టి ఉంచుతుందని 1193వ సూత్రం. తండ్రి మొక్కు పిల్లలకు సంక్రమించదు. ఆయన ఈ పండుగ కోసమే సొమ్ము విడిగా పెట్టి వీలునామా రాసి ఉంటే ఆలోచించాల్సి వచ్చేది. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ లేదు. నాన్నగారు తన మొక్కును బతికినన్నాళ్లూ, చివరి జూన్‌తో సహా, తీర్చుకునే వెళ్లారు. అక్కడ బాకీ లేదు. మీరు ఏనాడూ మొక్కుకోలేదు కాబట్టి మీ మీదా లేదు. ఈ ఏడాది మీరు ఏమీ చేయకపోయినా అది పాపం కాదు.

పండుగ రోజు గురించి కూడా ఒక మాట. అంతోనివారు 1231 జూన్ 13న, నలభై నిండకుండానే, పాదువా పొలిమేరలో కన్నుమూశారు. ఏడాది తిరక్కుండా ఆయనను పునీతుల జాబితాలో చేర్చారు. సాధారణంగా పునీతుల పండుగను వాళ్లు పోయిన రోజునే జరుపుతాం, పరలోకంలో వాళ్లకు అది పుట్టినరోజని. శ్రీసభ పంచాంగంలో జూన్ 13 ఒక స్మరణ దినం. ఆదివారంలా తప్పనిసరిగా పూజకు వెళ్లితీరాలన్న కట్టడి కూడా దానికి లేదు. ఇంటి ముందు పంక్తి భోజనాలు పెట్టాలన్న నియమం ఎక్కడిది?

అమ్మగారి విషయం మాత్రం వేరు. ఆ రాత్రి ఆవిడ కూడా పక్కనే నిలబడి "నేనూ బతికినన్నాళ్లూ ఇస్తాను" అన్నారని రాశారు. నిజంగా అలా మాట ఇచ్చి ఉంటే ఆ మొక్కు ఆవిడది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. కానీ దానికీ దారి ఉంది. మొక్కును అంతే విలువైన లేక అంతకన్నా మేలైన మరో పనిగా మొక్కుకున్నవాళ్లే మార్చుకోవచ్చు. తగ్గించుకోవాలన్నా, పూర్తిగా విడుదల కావాలన్నా, తగిన కారణం ఉంటే విచారణ గురువులకు, అంటే ఆ ప్రాంతపు గుడిని చూసుకునే గురువులకు, ఆ అధికారం ఉంది. పీఠాధిపతిని, అంటే బిషప్‌గారిని, వెతుక్కుంటూ కడప దాకా పోనక్కరలేదు. ఆవిడ ఇప్పుడు మీ దగ్గరే ఉంటున్నారు కాబట్టి మీ తిరుపతి విచారణ గురువులు చాలు. భర్త పోయిన వృద్ధురాలు, సంపాదన లేదు, కూతురు అప్పు చేస్తోంది. ఇంతకన్నా తగిన కారణం ఏం కావాలి?

అయితే చట్టం తెలిసినంత మాత్రాన అమ్మగారికి నిద్ర పట్టదు. మీ ఇంట్లో అసలు కష్టం డబ్బు కూడా కాదు, ఆ భయం. దానికి మన ఊరి గాలి కూడా కొంత కారణం. వడ్డీకాసులవాడని స్వామిని ఊరంతా ముద్దుగా పిలుచుకునే చోట పుట్టి పెరిగాం. ఏ మతంవాళ్లమైనా మొక్కు అంటే బాకీ, జాగుచేస్తే పెరుగుతుంది అన్న ఊహ చిన్నప్పటి నుంచి మనలో నాటుకుపోయి ఉంటుంది. కానీ అంతోనివారు వాయిదా దాటిందని మనిషిని పంపి కాలు విరగ్గొట్టించే వడ్డీ వ్యాపారి కారు. దొరికిన బిడ్డకు ముప్పై ఏళ్ల తర్వాత కీడు చేసేవాడైతే ఆయన పునీతుడెలా అవుతాడు? పునీతులు మన కోసం దేవుణ్ని వేడుకుంటారని శ్రీసభ నేర్పుతుంది. శిక్ష వేస్తారని ఎక్కడా నేర్పలేదు.

ఇంకొకటి మీకూ తట్టే ఉంటుంది. నాన్నగారు పోయింది పండుగ ఘనంగా చేసిన ఏడాదే. చేసినా కష్టం వచ్చింది, చేయకపోయినా వచ్చింది. ఈ మాట మీకు ధైర్యం కోసం చెబుతున్నాను. అమ్మగారితో వాదనలో మాత్రం తీయకండి. భర్త చావును లెక్క తేల్చడానికి వాడితే ఆవిడ మనసు విరిగిపోతుంది. ఆవిడకు కావలసింది, తను గౌరవించే మనిషి నోటి వెంట "అమ్మా, నీ మొక్కు తీరింది" అన్న మాట. అది మీరు చెబితే సరిపోదు. గురువుగారు చెప్పాలి. ముందుగా మీరొక్కరే వెళ్లి ఆయనకు విషయమంతా చెప్పండి, నోటుపుస్తకం చూపించండి. తర్వాత ఆవిడను వెంటబెట్టుకెళ్లి, వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి. మీరు బయట కూర్చోండి.

తమ్ముడి దగ్గరకు వద్దాం. నాలుగో పేజీలో మీరు రెండు వాక్యాల్లో దాటేసిన సంగతి ఒకటుంది. ఏటా పండుగ రోజున నాన్నగారు వాడికి కొత్త చొక్కా తొడిగి, మైకు దగ్గర నిలబెట్టి, తప్పిపోయి దొరికిన కథంతా ఊరికి చెప్పేవారు. పదో తరగతి అయ్యాక ఒక జూన్ 13న వాడు పొద్దున్నే తోటలోకి పోయి చీకటి పడ్డాక గానీ ఇంటికి రాలేదు. అప్పటికి వాడికి ఏ సంఘమూ తెలియదు కదా. ఐదేళ్ల వయసులో తను పడిన భయాన్ని ఏటేటా మైకులో వినాల్సి రావడం, మూడు వందల మంది తన వైపు చూస్తుండగా నిలబడాల్సి రావడం ఎంత బరువో ఆలోచించండి. "నా పేరు చెప్పి ఎవరికీ అన్నం పెట్టవద్దు" అన్న మాటలో నాకు వాక్యోపదేశం ఒక్కటే వినిపించడం లేదు. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. కానీ ఎప్పుడైనా తీరికగా ఉన్నప్పుడు, పండుగ ప్రస్తావన లేకుండా, "ఆ రెండు రోజులు నీకేమైనా గుర్తున్నాయా?" అని అడిగి చూడండి. మీ ఇంట్లో ఆ కథ చెప్పినవాళ్లే గానీ వాణ్ని అడిగినవాళ్లు ఉన్నట్టు లేరు.

స్వరూపాల గురించి వాడితో వాదం పెట్టుకోకండి. ఆరాధన దేవుడికొక్కడికే, స్వరూపానికి చూపే గౌరవం అది ఎవరిదో వారికే చెందుతుందని శ్రీసభ 787లోనే, రెండో నికేయా మహాసభలో తేల్చింది. మీకు అది చాలు. వాడికి చాలదు, వాడి అంతరాత్మ వాడిది. నిజానికి అంతోనివారు వాక్యం బోధించడంలో పేరుపొందినవారు. ఆయన చేరిన సన్యాస సభను స్థాపించిన ఫ్రాన్సిస్ అసిసివారే ఆ సభలోని సోదరులకు వేదశాస్త్రం నేర్పమని ఆయనకు రాసి ఇచ్చారు. చాలా స్వరూపాల్లో బాలయేసు కూర్చునేది ఆయన చేతిలోని గ్రంథం మీదే. వాడు వినే మనసుతో ఉన్న రోజున ఈ సంగతి చెప్పవచ్చు, ఒప్పించడానికి కాదు, తెలియాలని.

గూట్లోని స్వరూపం కోసం మాత్రం పట్టుదలకు పోవద్దు. బాలయేసు చేతి వేలు విరిగితే అమ్మగారే జిగురుతో అతికించి, రంగు వేసి, రోజూ కనకాంబరాలు పెట్టేవారని రాశారు. అంటే అది ఆ ఇంటి గోడదా, ఆవిడదా? ఆవిడ ఉన్నచోటికే తెచ్చుకోండి. ఆవిడ మంచం కనిపించే చోట పెట్టండి. తమ్ముడు గడువు పెట్టడం నొప్పించే మాటే, కానీ చెప్పకుండా తీసి పారేయలేదు, పిలిచి తీసుకెళ్లమన్నాడు. అందులో ఉన్న మర్యాదను గుర్తించండి. ఊళ్లో నాలుగు మాటలు అంటారు, అననివ్వండి.

ఇప్పుడు పండుగ. పూర్తిగా మానేసి, ఆ రోజున నాన్నగారి పేరిట దివ్యబలిపూజ చెప్పించుకోవచ్చు. మీ చేతికీ, మీ భర్త మనసుకూ అదే తేలిక. కానీ గురువుగారి మాట అమ్మగారి చెవిన పడకముందే మానేస్తే, వచ్చే ఏడాది మీ తమ్ముడికి జ్వరం వచ్చినా ఆ నింద మీ మీదికే వస్తుంది. మానేసే ఆలోచన ఉంటే ఆ క్రమం తప్పవద్దు.

లేదూ, నాన్నగారు మొదలుపెట్టిన చోటికే వెళ్లవచ్చు. 15 కిలోల బియ్యం, కావాలంటే కొంచెం కందిపప్పు. అమ్మగారే దగ్గరుండి తూయించి, గుడి ద్వారా నిజంగా లేనివాళ్లకు చేర్చడం. గాజులు కదిలించకుండా ప్రతి ఏటా చేయగలిగిన పని ఇది. జూన్ 13న బడులు తెరిచే హడావుడి మీకు అడ్డమైతే, తర్వాత వచ్చే మంగళవారం చేసినా నష్టం లేదు. అంతోనివారిని సమాధి చేసింది మంగళవారం నాడే కాబట్టి ఆ వారం ఆయనకు ప్రత్యేకం. అయితే ఇలా చేస్తే "మీ నాన్న ఎలా పెట్టేవాడు, మీరు ఎలా చేశారు" అనే బంధువులుంటారు. అమ్మగారికి కూడా మొదటి ఏడాది వెలితిగా ఉంటుంది. ఆ వెలితి భర్త లేని వెలితి. మూడు వందల విస్తర్లు వేసినా అది తీరదు.

పెద్ద పండుగే కావాలని అమ్మగారు పట్టుబడితే, ఖర్చు పంచుకునే బంధువులను ముందు పిలిచి చూడండి. తినడానికి వచ్చేవాళ్లలో ఎందరు చేయి వేస్తారో అప్పుడే తెలుస్తుంది. ఆ భోజనాలు తమ్ముడి గుమ్మం ముందు మాత్రం పెట్టకండి, గుడి ఆవరణలో పెట్టండి. మీరు మళ్లీ అప్పు చేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. పేదల కోసం పుట్టిన ఆచారం ఒక టీచరమ్మను అప్పులపాలు చేయకూడదు.

తమ్ముణ్ని కలుపుకోవాలని మీకు ఆశ ఉంది కదా. రుయా ఆసుపత్రి బయట రోగుల వెంట వచ్చి ఎండలో కూర్చునేవాళ్లకు ఒక పూట అన్నం పెడదాం, మైకు ఉండదు, ఎవరి పేరూ ఉండదు అని అడగవచ్చు. రేణిగుంటలో తనకు అన్నం పెట్టిన ఆవిడ కథ వాడికి పరాయిది కాదు. వాడు రావచ్చు, రాకపోవచ్చు. కానీ వాడు తన విశ్వాసంతో పెట్టిన అన్నాన్ని మీరు లోలోపల మొక్కు ఖాతాలో వేసుకుని, తర్వాత అమ్మగారికి "వాడే తీర్చాడు" అని చెప్పకండి. అది వాడికి తెలిసిన రోజున మీ మధ్య మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. మొక్కు సంగతి మొక్కుగా, వాడి అన్నం వాడి అన్నంగా ఉండనివ్వండి.

మీ భర్తతో ఈ లెక్కంతా దాపరికం లేకుండా మాట్లాడండి. ఆయన విసుగుకు కారణం అంతోనివారు కాదు, తెలియకుండా బ్యాంకుకు వెళ్లిన గాజులు. ఈ ఏడాది పండుగకు తీయాలనుకున్న డబ్బు ఎంత ఉందో, అందులో బియ్యం పోగా మిగిలినది గాజుల అప్పుకు కట్టండి.

జూన్ మొదటి వారంలోగా గురువుగారిని కలవడం ముఖ్యం. ఆలస్యమైతే బంధువులు అలవాటుగా బయలుదేరే ఏర్పాట్లలో ఉంటారు. వాళ్లకు ఫోన్లు అమ్మగారితో చేయించకండి, ప్రతి ఒక్కరూ ఆవిడను కారణం అడుగుతారు. మీరే చేసి, ఈ ఏడాది ఇంట్లో భోజనాలు లేవు, పొద్దున గుళ్లో నాన్నగారి కోసం పూజ ఉంది, వీలైతే రండి అని చెప్పండి.